చెయ్యి ఆన్చొద్దు

వాన వచ్చే ముందు నా ఎడమ మణికట్టుకు తెలుస్తుంది. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంటుంది, ఆరేసిన బట్టలు దండెం మీదే ఉంటాయి, లోపల మాత్రం సన్నగా గుంజడం మొదలవుతుంది. కుడిచేత్తో తడిమి చూసుకుంటే చింతగింజంత ఎత్తు తగులుతుంది. విరిగిన ఎముక అతుక్కున్న చోటు అది. అతికించింది కాచిగూడ పహిల్వాన్.

ఆయనకు పేరు లేక కాదు. కాచిగూడ చౌరస్తా నుంచి బర్కత్‌పుర చమన్ దాకా ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే. అందరికీ ఉస్తాదే. ఇంట్లో ఆయన భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ కూడా పరాయివాళ్లతో మాట్లాడేటప్పుడు "మా ఉస్తాదు" అనేది. నేనూ అలాగే రాస్తాను.

అది 1975 సంక్రాంతి. చిక్కడపల్లి మేడలన్నీ పతంగులతో నిండిపోయి ఉన్నాయి. తెగిన పతంగి ఒకటి గాలికి తేలుతూ వస్తుంటే దాని మీదే కన్ను పెట్టి పిట్టగోడ వెంట పరుగెత్తాను. గోడ అయిపోయిన సంగతి కాళ్లకు తెలియలేదు. పక్కింటి రేకుల మీద పడి, అక్కణ్నుంచి జారి వాకిట్లో పడ్డాను. లేచి చూసుకుంటే చెయ్యి మణికట్టు దగ్గర గరిటెలా వంగి ఉంది. నాన్న ఆస్పత్రి అన్నారు. మాకు పాలు పోసే ఆయన గిన్నె కింద పెట్టి, "ఆస్పత్రిల పిండికట్టు కట్టి కూసోబెడ్తరు సార్, ఉస్తాద్ దగ్గరికి తీస్కపోండ్రి" అన్నాడు. సైకిల్ రిక్షా ఎక్కించారు. నారాయణగూడ వైఎంసీఏ, బర్కత్‌పుర చమన్, లింగంపల్లి చౌరస్తా. దారిలో గుంతకొక కేక పెట్టాను.

కాచిగూడ స్టేషన్‌కు పోయే రోడ్డులోంచి ఒక సందులోకి తిరిగితే రేకుల వరండా. దాని మీద సంజీవని కొండ మోస్తున్న హనుమంతుడి బొమ్మ. లోపల ఆముదం, పసుపు, కోడిగుడ్డు సొన కలిసిన వాసన. గోడకు ఆనించి వరసగా వెదురు బద్దలు. బల్ల మీద మడతలు పెట్టిన పాత చీరల గుడ్డలు. ఆ మధ్యన చాప మీద కూర్చున్న మనిషిని చూసి నా ఏడుపు ఆగింది. భయపడి కాదు, ఆయన చెవులు చూసి. రెండు చెవులూ నలిపి ముద్దచేసి అతికించినట్టున్నాయి. మడతలు లేవు, రంధ్రం మాత్రం ఉంది. కుడి మోచెయ్యి పూర్తిగా చాపినా కొడవలిలా కొంచెం వంగే ఉంది.

"ఏం క్లాస్ బిడ్డా?"

"ఆరో క్లా..."

అంతే. 'సు' అనేలోపు లాగేశాడు. అరిచానో లేదో నాకు గుర్తు లేదు. లోపల ఎక్కడో టక్కుమన్న చప్పుడు మాత్రం గుర్తుంది. సొన పట్టించి, దూది పరిచి, వెదురు బద్దలు పేర్చి, గుడ్డ చుడుతూ ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు.

"పడుడు తప్పు గాదు. చెయ్యి ఆన్చుడు తప్పు. పడేటప్పుడు మనిషికి ముందుగాల చెయ్యే పోతది. గింత ఎముక, మొత్తం ఒళ్లు బరువు దాని మీద ఏస్తే ఇరగదా? వీపుకు ఇయ్యాలె. వీపు పెద్దది, అది మోస్తది."

తర్వాత తన వంకర మోచెయ్యి చూపించి నవ్వాడు. "నేను గూడ ఆన్చిన."

*

వారానికోసారి కట్టు విప్పి మళ్లీ కట్టించుకోవాలి. అలా రాకపోకలు అలవాటై, కట్టు తీసేశాక కూడా వెళ్తూనే ఉన్నాను. పెద్దమ్మ పెట్టే సకినాలు ఒక కారణం. వరండా వెనక ఉన్న తాలీం ఇంకో కారణం.

తాలీం అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. ఉర్దూలో ఆ మాటకు చదువు అని అర్థం. హైదరాబాద్‌లో కుస్తీ నేర్పే చోటుకు అదే పేరు. ఆంధ్ర వైపు తాలింఖానా అంటారు. అక్షరాలు నేర్చుకునే చోటునీ ఒళ్లు నేర్చుకునే చోటునీ ఒకే మాటతో పిలిచిన ఊరు ఇది. నాకు తెలిసిన తాలీం ఒక పెంకుటి సావిడి. మధ్యలో నేలకు కొంచెం లోతుగా గోదా. ఒక గూట్లో ఆంజనేయుడు. ఆ గూటికి మొక్కి దిగేవాళ్లూ, అల్లా పేరు తలచుకుని దిగేవాళ్లూ ఒకే మట్టిని వేలితో తాకి నుదుటికి రాసుకునేవాళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి దండీలు, బస్కీలు మొదలు. మూలన ముద్గరాలు, మెడలో వేసుకుని తిరగడానికి బండరాతి చక్రం.

గోదా మట్టి ఊరికే తెచ్చి పోసిన మట్టి కాదు. ఎర్రమన్ను జల్లించి, గవ్వ, గాజుపెంకు, గరుకురాయి ఏరి పారేసి, అందులో పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం, వేపాకు కలిపేవారు. పసుపూ వేపాకూ గాయాలు చీము పట్టకుండా, నూనే మజ్జిగా మట్టి గట్టిపడకుండా. అయినా పడిన ఒళ్లూ తొక్కిన కాళ్లూ దాన్ని రోజూ అణచివేస్తాయి. అందుకని పొద్దున్నే పార పట్టి గోదా అంతా తవ్వి గుల్ల చేయాలి. కొత్తగా చేరిన కుర్రాడికి పట్లు నేర్పేది తర్వాత, ముందు పార చేతికిచ్చేవారు. ఆర్నెల్లు తవ్వితే భుజాలు వాటంతటవే వచ్చేవి. నాగపంచమికి గోదాకు పూజ. ఆ రోజు మట్టి మీద నీళ్లు చల్లి, ఊదొత్తులు గుచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఎవరూ లోపలికి దిగకుండా చుట్టూ కూర్చునేవారు. మట్టికి సెలవన్నమాట.

ఆ మట్టిలో నాకు ఉస్తాద్ నేర్పిన విద్య ఒక్కటే. పడటం. గడ్డం ఛాతీకి అంటించు, తలకాయ వెనక తగలొద్దు. ఒళ్లు గుండ్రంగా చెయ్యి. చేతులు కిందికి కాదు, పక్కలకు చాపు, అరచెయ్యీ ముంజెయ్యీ ఒకేసారి మట్టిని కొట్టాలి. దెబ్బ ఒళ్లంతా పంచుకుంటే ఎక్కడా నిలవదు. నన్ను మెడ మీంచి ఎత్తి వేస్తుంటే ఎర్రమట్టి మెత్తగా అందుకునేది. నోట్లో వేపాకు చేదు. లేచేసరికి ఇంకోసారి ఎత్తేవాడు.

అప్పటికి నాకు పదకొండేళ్లు. ఒక చిన్న సందేహం వచ్చి అడిగాను. కుస్తీలో వీపు మట్టికి అంటితే ఓడినట్టే కదా, మరి వీపు ఇవ్వమంటున్నావేంటి?

ఉస్తాద్ చాలాసేపు ఏమీ అనలేదు. "అదే లొల్లి బిడ్డా," అన్నాడు చివరికి.

*

ఆ లొల్లి ఏమిటో తెలియడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు, తారీఖులు కలిసేవి కావు. నేను కలిపి రాస్తున్నాను.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా మూడు ముక్కలు కాని రోజులు. మరాఠ్వాడా అటూ తెలంగాణ ఇటూ ఒకే పాలనలో ఉండేవి. నిజాం రైల్వే 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్‌లో ఆ గుమ్మటాల కింద మీటర్ గేజ్ బండి ఆగేది. ఆ చిన్నబండి లైనే నిజామాబాద్, నాందేడ్, పర్భణీ, ఔరంగాబాద్‌ల మీదుగా మన్మాడ్ దాకా పోయేది. ఆ బండ్లలోనే మరాఠీ మల్లులు వచ్చేవారు. తలకు రుమాళ్లు, భుజాన లంగోటీల మూట, చేతిలో నెయ్యి డబ్బా. తాలీం సావిడిలోనే పడక. వారం రోజులు మన కుర్రాళ్లతో పట్లు పట్టి, పోయేటప్పుడు ఇక్కడివాళ్లను తమ జాతరలకు పిలిచేవారు. కుస్తీకి సరిహద్దు ఆ రైలుపట్టా పొడవే.

ఉస్తాద్ జీవితంలో పెద్ద దంగల్ 1955లో. ఎదుట పర్భణీ వైపు మల్లుడు. అప్పటి మట్టికుస్తీలో పాయింట్లు లేవు, రౌండ్లు లేవు. ఎవరో ఒకరి వీపు మట్టికి అంటాలి. దాన్ని 'చిత్' అంటారు. అంటనంతవరకూ కుస్తీ నడుస్తూనే ఉంటుంది. అరగంట దాటింది. ఇద్దరి ఒళ్లూ మట్టి పూసిన దూలాల్లా ఉన్నాయి. అవతలివాడు ధోబీపాట్ వేశాడు. చాకలి బండ మీద బట్ట ఉతికినట్టు మనిషిని భుజం మీంచి విసిరే పట్టు. గాల్లో ఉన్నంతసేపట్లో ఉస్తాద్‌కు రెండు దార్లు. వీపు ఇస్తే ఒళ్లు దక్కుతుంది, కుస్తీ పోతుంది. చెయ్యి ఆన్చితే కుస్తీ దక్కొచ్చు.

"నూరుసార్లు పిల్లలకు చెప్పిన మాటే. అయినా ఆన్చిన. మా నాయిన మొదటి లైన్ల కూసున్నడు మరి."

మోచెయ్యి వెనక్కి విరిగింది. చేత్తో కాసుకున్నాడు కనుక వీపు అంటలేదు, చిత్ కాలేదు. కుస్తీ ఆపేసి సమానం అన్నారు. ఓడిపోలేదు. మళ్లీ ఎప్పుడూ గెలవలేదు కూడా. ఆ మోచెయ్యి తిన్నగా రాలేదు. తిన్నగా చాపలేని చేత్తో మెడ పట్టు కుదరదు. మెడ పట్టు లేని మల్లుడు తాళంచెవి పోయిన ఇంటాయన లాంటివాడని ఆయనే అనేవాడు.

మర్నాడు అవతలి మల్లుడు ఇంటికి వచ్చి, తెచ్చుకున్న నెయ్యి డబ్బా ఇచ్చి, కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చి పోయాడట. ఏడాది తిరక్కుండా 1956 నవంబర్ 1న రాష్ట్రాలు విడిపోయాయి. మరాఠ్వాడా బొంబాయి వైపు పోయింది. మల్లుల చూపు కూడా మెల్లగా పుణె, కొల్హాపూర్ వైపు తిరిగిందని ఉస్తాద్ చెప్పేవాడు. బండి మాత్రం అలాగే వచ్చిపోయేది. అందులోంచి రుమాళ్లవాళ్లు దిగడం తగ్గిపోయింది.

*

తర్వాత ఏం చేశాడన్నది చాలాకాలం ఎవరికీ తెలియదు. ఒకరోజు నాకే చెప్పాడు, పెద్దమ్మ ఇంట్లో లేనప్పుడు.

1960ల్లో టికెట్ పెట్టి ఆడించే ఫ్రీస్టైల్ కుస్తీల జోరు దేశమంతా ఉండేది. దారాసింగ్ పేరు వింటే జనం మైదానాలు నింపేవారు. హంగరీ వైపు నుంచి వచ్చిన కింగ్ కాంగ్ అనే భారీకాయుడితో ఆయన కుస్తీల కథలు ఊరూరా పాకాయి. 1962లో 'కింగ్ కాంగ్' పేరుతోనే దారాసింగ్ సినిమా వచ్చింది. 1968 మే 29న బొంబాయిలో ఆయన అమెరికా మల్లుడు లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ విజేత అనిపించుకున్నాడు. ఆ గాలికి చిన్నాచితకా కంపెనీలు కూడా లేచాయి. డేరా, తాళ్లు కట్టిన చెక్క వేదిక, మైకు, పోస్టర్లు. అలాంటి ఒక కంపెనీ ఉస్తాద్‌ను పెట్టుకుంది. పని, ఓడిపోవడం.

"నూరా కుస్తీ అంటరు దాన్ని. ముందే అన్నీ మాట్లాడుకునుడే. మొఖానికి నల్ల మాస్క్ ఏసేటోళ్లు. ఒక ఊర్ల ఇరాన్ మల్లుడ్ని, ఇంకో ఊర్ల ఆఫ్రికా మల్లుడ్ని. నోరు తెరవొద్దని షరతు. తెరిస్తే కాచిగూడ బయటపడ్తది గదా."

మట్టి మీద నేర్చుకున్న పడటమే చెక్కల మీద బతుకుతెరువైంది. గడ్డం ఛాతీకి, చేతులు పక్కలకు, అరచేతులతో చెక్కను ఫటేల్మని కొట్టడం. చప్పుడు ఎంత పెద్దదైతే జనానికి అంత దెబ్బ తగిలినట్టు. పడినందుకు ఇంత అని ఇచ్చేవారు. అంత ఎత్తునుంచి పడితే ఇంకొంచెం. కొన్నిసార్లు ఆ 'ఇంకొంచెం' ఇచ్చేవారు కాదు, తర్వాత ఊళ్లో ఇస్తామనేవారు. తర్వాత ఊళ్లో మేనేజర్ మారిపోయి ఉండేవాడు.

ఊళ్లు తిరిగీ తిరిగీ డేరా ఒకసారి హైదరాబాద్‌లోనే వేశారు. అప్పుడు మాత్రం రానన్నాడట. పాత బాకీ ఇవ్వమన్నాడు. ఈ ఒక్క ఆట ఆడితే మొత్తం ఇచ్చేస్తామన్నారు. మాస్క్ ఉంది కదా అని ఒప్పుకున్నాడు. పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. లేస్తూ చూస్తే నాలుగో వరసలో ఆయన గురువు. తాలీం ఖలీఫా. టికెట్ కొనుక్కుని వచ్చాడు.

"మొఖం కనవడలే. మోచెయ్యి కనవడ్డది ఆయనకు."

మర్నాడు పొద్దున తాలీంకు వెళ్తే గురువు ఏమీ అనలేదు. పార తెచ్చి చేతికిచ్చాడు. కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చినట్టు. నలభైకి దగ్గరపడిన మనిషి గోదా మొత్తం తవ్వాడు. తవ్వడం అయ్యాక గురువు తన ఎముకలు కట్టే విద్య నేర్పడం మొదలుపెట్టాడు. ఏ ఎముక ఏ వైపు జారుతుందో, జారిన ఎముక చర్మం కింద వేలికి ఎలా తగులుతుందో, నొప్పికి బిగుసుకున్న కండను మాటల్లో పెట్టి ఎలా వదులు చేయాలో. "ఏం క్లాస్ బిడ్డా?" అన్న ప్రశ్న అక్కడినుంచి వచ్చిందే. డేరాకు మళ్లీ పోలేదు. బాకీ రాలేదు.

*

కట్లు కట్టే గదిలో మూడు పటాలుండేవి. ఒకటి దేవుడిది. మిగిలిన రెండూ మనుషులవి.

ఒకటి గామా పహిల్వాన్. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జిబిస్కోతో రెండున్నర గంటలు పెనుగులాడినా తేలలేదు. మళ్లీ పెట్టిన రోజున జిబిస్కో రాలేదు. 1928లో పాటియాలాలో ఇద్దరూ తిరిగి తలపడినప్పుడు నిమిషం లోపే తేలిపోయింది. దేశ విభజన తర్వాత గామా లాహోర్‌లో ఉండిపోయాడు. కొడుకులు ఆయన కళ్లముందే పోయారు. చివరి రోజులు జబ్బుతో, చేతిలో డబ్బాడక గడిచాయి. సరిహద్దుకు ఇవతలినుంచి ఘనశ్యామ్ దాస్ బిర్లా సాయం పంపాడు. 1960లో గామా పోయాడు. ఉస్తాద్ ఇదంతా చెప్పి పటం తుడిచేవాడు.

రెండోది పత్రికలోంచి కత్తిరించి అద్దం కట్టించినది. తలపాగా, మెలితిప్పిన మీసం, ఛాతీ నిండా పతకాలు. కోడి రామమూర్తి నాయుడు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో చిన్నాన్న దగ్గర పెరిగి, చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడై, ఆ తర్వాత సర్కస్ పెట్టి దేశం చుట్టినవాడు. గాలి పీల్చి ఛాతీ పొంగిస్తే చుట్టిన ఇనుపగొలుసు తెగేది. రెండు చేతులకూ రెండు కార్లు కట్టి చెరోవైపు నడపమంటే కార్లు కదిలేవి కావు. పడుకుని ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. ఇండియన్ హెర్క్యులస్ అన్నారు, కలియుగ భీముడన్నారు.

ఇవన్నీ మా బడి పుస్తకాల పుణ్యమా అని నాకూ తెలుసు. గొలుసు తెగిన కథ చెప్పమని అడిగితే ఉస్తాద్ విసుక్కునేవాడు. ఆయనకు కావలసిన కథ వేరు. కాలి మీద రాచకురుపు లేచింది. కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి కాలు కోయించుకున్నాడని చెబుతారు. చివరి రోజులు ఒరిస్సాలోని బలంగీర్‌లో గడిచాయి. 1942 జనవరిలో అక్కడే పోయాడు.

"ఏనుగును మోసిన కథ అందరు చెప్తరు. కాలు తీసినంక పొద్దుగాల లేసి ఆయన ఏం చేసేటోడు? ఎవరు చెప్పులు తెచ్చిచ్చేటోళ్లు, ఒక్కటే చెప్పు? అద్గది చెప్పరు." విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం చూశానని ఒకసారి చెప్పాను. తల ఊపి ఊరుకున్నాడు.

*

పెద్దమ్మ రోజూ రాత్రి బాదం నానబెట్టేది. ఉస్తాద్ దంగళ్లు ఆడే రోజుల్లో గుప్పెళ్లకొద్దీ. పొద్దున్నే పొట్టు తీసి, సన్నెకల్లు మీద వెన్నలా నూరి, నారాయణగూడ దొడ్ల నుంచి వచ్చిన చిక్కటి గేదెపాలలో కలిపి ఇచ్చేది. మోచెయ్యి విరిగాక గుప్పెళ్లు పోయి ముప్పై గింజలయ్యాయి. నేను చూసేనాటికి పది. కూతురి పెళ్లి అయ్యాక నాలుగు. లెక్క తగ్గింది కానీ నూరడం మానలేదు. నాలుగు బాదం గింజల కోసం అంత బరువు సన్నెకల్లు ఎందుకమ్మా అని కూతురు అంటే, "ఆయన దండీలు మానిండా?" అనేది. నిజమే, మానలేదు. వంకర చేత్తో ఓ పక్కకు ఒరిగి తీసేవాడు.

1987లో ఆదివారం పొద్దున్నే టీవీలో రామాయణం మొదలైంది. ఆ వాడలో టీవీ ఉన్న ఇళ్లలో వాళ్లదొకటి. అల్లుడు కొనిచ్చాడు. తాలీం మొత్తం వచ్చి చాపల మీద కూర్చునేది. హనుమంతుడుగా దారాసింగ్ కనబడగానే జనం దండం పెట్టేవారు. దాదాపు అరవై ఏళ్ల మనిషి. ఉస్తాద్ మాత్రం ఆయన మెడ చూసేవాడు, భుజం చూసేవాడు. "మోకాళ్లు నొస్తున్నయ్ ఆయనకు. నడకల తెలుస్తున్నది" అన్నాడు ఒకసారి. మిగతావాళ్లు కసురుకున్నారు. పెద్దమ్మ ఒక్కతే ఆయన వైపు తిరిగి చూసింది.

దీపావళి తర్వాత రెండో రోజు రాత్రి నారాయణగూడ వైఎంసీఏ దగ్గర సదర్. యాదవులు దున్నపోతుల్ని తెచ్చి ఆడించే పండుగ. నూనె రాసి నిగనిగలాడించి, కొమ్ములకు రంగులేసి, మెడలో పూలు, గవ్వల దండలు వేసి, డప్పుల మధ్య వెనకకాళ్ల మీద లేపుతారు. ఏటా ఇద్దరూ కలిసి వెళ్లేవారు. ఆ దున్నలకు పెట్టే బాదం, పిస్తాల చిట్టా యజమానులు చెబుతుంటే పెద్దమ్మ నోరు మూసుకుని నవ్వేది. ఉస్తాద్ గంభీరంగా, "దీన్ని ఎవరూ ఓడిపొమ్మని అనరు, అదృష్టమంతురాలు" అనేవాడు. దున్నపోతును పట్టుకుని అదృష్టవంతురాలు అంటాడేమిటని పెద్దమ్మ ఇంకా నవ్వేది.

2009 ఎండాకాలంలో పెద్దమ్మ పోయింది. ఏ ఎముకా విరగలేదు. ఉస్తాద్ కట్టగలిగింది ఏదీ కాలేదు. రాత్రి బాదం నానబెట్టి పడుకుంది, పొద్దున లేవలేదు. దినాలు అయిన మర్నాడు నేను వెళ్లేసరికి సన్నెకల్లు ముందు కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రి నానబెట్టిన నాలుగు గింజలూ ఎవరూ పారబోయలేదు, మొలకెత్తినట్టు ఉబ్బి, నీళ్లు చెడిపోయి ఉన్నాయి. "ఎంతసేపు నానవెట్టాలె, నీకు ఎర్కేనా?" అని అడిగాడు. నాకూ తెలియదు. యాభై ఏళ్లు తాగిన మనిషికీ తెలియదు.

*

తాలీం పోవడం ఒక్కరోజులో జరగలేదు. ముందు కుర్రాళ్లు తగ్గారు. పోటీల్లో కుస్తీ మట్టి మీంచి మ్యాట్ మీదకు ఎప్పుడో మారిపోయింది. మట్టిలో పెరిగిన ఖాశాబా జాదవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మ్యాట్ మీద తడబడి ఆరో స్థానంతో తిరిగొచ్చాడు. 1952లో హెల్సింకీ పోవడానికి డబ్బు లేకపోతే ఆయన కాలేజీ ప్రిన్సిపాల్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేలు ఇచ్చాడు. కాంస్యం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి అదే తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. కాచిగూడ సందులో మ్యాట్ కొనే స్తోమతు ఎవరికీ లేదు, తాకట్టుకు ఇల్లున్నవాళ్లూ లేరు. మట్టిలో గంటసేపైనా ఓపిక పట్టడం నేర్చినవాడు నిమిషాల్లో పాయింట్లు ఏరుకునే ఆటకు పనికిరాలేదు. ఉద్యోగాల్లో క్రీడల కోటా కూడా మ్యాట్‌కే.

తర్వాత స్థలం. కాచిగూడ చౌరస్తాలో మేం సినిమాలు చూసిన మహేశ్వరి, పరమేశ్వరి జంట థియేటర్లు మాల్ అయ్యాయి. మీటర్ గేజ్ పోయి పెద్ద లైన్ వచ్చింది. తాలీం సావిడి వారసులు అయిదుగురు, అయిదు వాటాలు. అపార్ట్‌మెంట్‌కు ఇచ్చేశారు. పునాది తవ్వేరోజు ఉస్తాద్ పొద్దున్నే పోయి నిలబడ్డాడు. యంత్రం గోదాలోకి దిగి నాలుగు తొట్లు ఎత్తి లారీలో పోసింది. పసుపూ నూనే తాగిన మట్టి లోపలి పొరల్లో ఇంకా ఎర్రగా, మెత్తగా ఉంది. లారీ డ్రైవర్‌ను, "ఎక్కడ పోస్తవు బిడ్డా?" అని అడిగాడు. ఎక్కడ గుంత ఉంటే అక్కడ అన్నాడతను.

మాటలు మాత్రం ఊళ్లోనే ఉన్నాయి. పేపర్ తీస్తే ఎన్నికల గోదా. ప్రత్యర్థిని చిత్తు చేశారు, మట్టి కరిపించారు, పట్టు నిలుపుకున్నారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి లైబ్రరీ చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల్ని ఎవరినడిగినా పుస్తకాలతో కుస్తీ పడుతున్నామనే అంటారు. నాలుగోసారి, అయిదోసారి రాసే పిల్లలు వాళ్లలో ఉంటారు. పడటం ఎలాగో నేర్పే కోచింగ్ సెంటర్ ఆ వీధిలో నాకు కనిపించలేదు.

ఉస్తాద్ చివరికి ఆ అశోక్‌నగర్‌కే వచ్చాడు, కూతురి ఫ్లాట్‌కు. మూడో అంతస్తు. కట్ల గది మూసేశాడు. హనుమంతుడి బోర్డు, రెండు పటాలు, సన్నెకల్లు వెంట తెచ్చుకున్నాడు. సన్నెకల్లు బాల్కనీలో కుండీ కింద పెట్టారు. నేను ఆదివారాలు వెళ్లేవాణ్ని. నా మణికట్టు పట్టుకుని, బొటనవేలితో ఆ చింతగింజ ఎత్తు మీద నొక్కి చూసేవాడు. "కొంచెం వంకర అతికింది. నువ్వు కదిలినవ్ అప్పుడు" అనేవాడు, ప్రతిసారీ.

2016 వానాకాలంలో కూతురు ఫోన్ చేసింది. బాత్‌రూమ్‌లో జారి పడ్డాడు. నారాయణగూడ దగ్గర మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి ఉంది, చుట్టు తిరిగి వెళ్లేసరికి ఆస్పత్రినుంచి తీసుకొచ్చేశారు. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి పిండికట్టు. ఎనభై ఆరేళ్లకు ఆయన ఒంటి మీద మొదటిసారి ఆస్పత్రివాళ్లు కట్టిన కట్టు.

నేను పక్కన కూర్చున్నాను. అడగకూడదనే అనుకున్నాను. నా చూపు కట్టు మీదే ఉండటం ఆయన గమనించాడు.

"ఆన్చిన," అన్నాడు.

నేనేమీ అనలేదు. కట్టు లేని చేత్తో నా మణికట్టు అందుకున్నాడు. బొటనవేలు అలవాటుగా ఆ ఎత్తు మీదకు వచ్చి ఆగింది. కిటికీ బయట వాన మొదలవుతోంది. నాకు పొద్దుటి నుంచే తెలుసు.

"మట్టయితే వీపిస్తుంటి బిడ్డా. కింద టైల్స్ ఉన్నయ్ గదా."